పిల్లలకు ల్యాప్‌టాప్ ఇచ్చారు, టీచరుకు టైమ్ ఇచ్చారా?

తొమ్మిదో తరగతి, సైన్స్ పీరియడ్. ఉన్నది 45 నిమిషాలు. వేడినీళ్లు ఎలా చల్లారతాయో చూడటం ఆ రోజు పాఠం. రెండు నిమిషాలకోసారి థర్మామీటర్ చూసి, ఆ అంకెలు ల్యాప్‌టాప్‌లో పట్టికలా కొట్టి, గ్రాఫ్ గీయాలి. నేను చివరి బెంచీలో కూర్చుని టైమ్ రాసుకుంటున్నాను.

ల్యాప్‌టాప్‌లు పంచడానికే ఆరు నిమిషాలు పట్టింది. ఏడింటికి ఛార్జింగ్ లేదు, గదిలో ఉన్న ప్లగ్గులు రెండే. ఐదుగురు పాస్‌వర్డ్ మరిచిపోయారు. ఒకడి స్క్రీన్ మీద అప్‌డేట్ 14 శాతం దగ్గర ఆగి కదలనంది. ఈలోపు వెనక వరసలో ఇద్దరు గేమ్ తెరిచేశారు. ముందు నిలబడ్డ టీచరుకు ల్యాప్‌టాప్ మూతల వీపులే కనిపిస్తాయి కదా, ఆ గేమ్ నాకు తప్ప ఆవిడకు కనిపించే దారి లేదు. 22వ నిమిషానికి గ్లాసుల్లో నీళ్లు గోరువెచ్చగా అయిపోయాయి. ఒక్క అంకె కూడా పట్టికలోకి ఎక్కలేదు. "సరే, మూసేయండి. నోట్‌బుక్కులు తీయండి" అన్నారావిడ. ఆ గొంతులో విసుగు కంటే అవమానమే ఎక్కువ వినిపించింది నాకు.

ఆవిడకు పాఠం చెప్పడం రాక కాదు. పదిహేనేళ్ల అనుభవం ఉంది. మూడు రోజుల శిక్షణకు వెళ్లొచ్చారు, సర్టిఫికెట్ కూడా ఉంది. శిక్షణలో ఫైల్ సేవ్ చేయడం, స్లైడ్లు తయారుచేయడం, వీడియో అతికించడం నేర్పారు. ఛార్జింగ్ లేని ఏడు ల్యాప్‌టాప్‌లు ఎదురుగా ఉంటే తర్వాతి నిమిషంలో ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

టీచర్లకు కంప్యూటరంటే భయమని, అందుకే వాడరని తేలిగ్గా అనేస్తుంటారు. నేను మాట్లాడినవాళ్లలో ఎక్కువమంది ఇంట్లో ఫోన్లో డబ్బు పంపుతారు, టికెట్లు బుక్ చేస్తారు, మనవడితో వీడియో కాల్ మాట్లాడతారు. వాళ్ల టెన్షన్ వేరే. నలభై మంది పిల్లల ముందు, ఆ పిల్లల్లో పదిమందికి తనకంటే బాగా వచ్చిన వస్తువుతో, క్లాసు చేతిలోంచి జారిపోతుందేమోనన్న టెన్షన్ అది. ఈ టెన్షన్‌కు మందు స్లైడ్లు నేర్పడం కాదు. పీరియడ్‌ను రిహార్సల్ చేయించాలి. దానికి టైమ్ కావాలి. పథకం వేసేవాళ్ల లెక్కల పుస్తకంలో ల్యాప్‌టాప్ ధర, బ్యాగు ధర, సాఫ్ట్‌వేర్ ఫీజు అన్నీ ఉంటాయి, టీచరు టైమ్‌కే గడి ఉండదు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టుంటుంది వ్యవహారం.

దీన్ని పెద్ద ఎత్తున చేసి చూసిన దేశాలున్నాయి. 2005లో అమెరికాలోని ఎంఐటీ ఆచార్యుడు నికొలస్ నెగ్రొపాంటే 'వంద డాలర్ల ల్యాప్‌టాప్' ఆలోచనను ప్రపంచం ముందు పెట్టినప్పుడు, పిల్లవాడి చేతికి యంత్రం అందితే చాలు, తనంతట తానే నేర్చుకుంటాడన్న నమ్మకం దాని వెనక బలంగా ఉంది. పెరూ ప్రభుత్వం ఆ ల్యాప్‌టాప్‌లను లక్షల్లో కొని, ఎక్కువగా పల్లె బడులకు పంపింది. 319 ప్రాథమిక పాఠశాలలను పరిశీలించి ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంక్ 2012లో నివేదిక ఇచ్చింది. ల్యాప్‌టాప్‌లు అందిన బడుల్లో ఒక్కో విద్యార్థికి సగటున ఒకటి కంటే ఎక్కువే కంప్యూటర్లు చేరాయి. అంటే పంపిణీ సక్రమంగానే జరిగింది. లెక్కల్లో, భాషలో మాత్రం పరీక్ష మార్కులు పెరిగిన దాఖలా దొరకలేదు. సాధారణ తెలివితేటల పరీక్షల్లో కొంత మెరుగు కనిపించింది, దాన్ని కొట్టిపారేయకూడదు. అయితే పిల్లలు ఎక్కువగా వాడినవి టైపింగ్, ఆటలు, పాటలు, రికార్డింగ్ లాంటివని వాడకం రికార్డుల్లోనే తేలింది. క్లాసులో జరిగే పాఠానికి, ఒళ్లో ఉన్న ల్యాప్‌టాప్‌కు ముడి పడలేదు. ఆ ముడి వేయాల్సింది టీచరే.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రం ఇంకోలా మొదలుపెట్టింది. 2002లో రాష్ట్రంలోని ఏడో తరగతి పిల్లలందరికీ, మరుసటి ఏడాది ఎనిమిదో తరగతికి ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు. అందరికీ పంచే ముందు తొమ్మిది బడుల్లో పెట్టి చూశారు. ఒక్కో బడిలో ఒక టీచరుకు మిగతా టీచర్లను కలుపుకుపోయే బాధ్యత అప్పగించారు. ఈ రెండో పని నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. పాఠం మధ్యలో ఇరుక్కున్న టీచరు హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకుంటూ కూర్చోదు. పక్క క్లాసు వైపు చూస్తుంది. అక్కడ ఎవరో ఒకరు ఉండాలి.

ఇంకా వెనక్కి వెళ్తే, 1985లో యాపిల్ కంపెనీ కొన్ని బడుల్లో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఉంది. కంప్యూటర్లు నిండుగా ఉన్న గదుల్లో టీచర్లు ఎలా మారతారో ఏళ్ల తరబడి గమనించారు. మొదట్లో అందరూ పాత పాఠాన్నే కొత్త యంత్రం మీద చెప్పారు. తొలి రోజుల్లో వాళ్ల తలనొప్పులన్నీ అల్లరి, చోటు, పనిచేయని పరికరాల చుట్టూనే తిరిగాయి. పాఠం తీరు మారడం తర్వాతెప్పుడో మొదలైంది. మన పర్యవేక్షకులకు ఈ ముక్క అర్థమైతే సగం గొడవ తీరుతుంది. మొదటి ఏడాది టీచరు ల్యాప్‌టాప్‌ను ఖరీదైన పలకలా వాడితే, "ఇందుకా ఇంత ఖర్చు పెట్టింది?" అని వెటకారం చేస్తారు. అది దారిలో వచ్చే మొదటి స్టాపు. అక్కడ దిగకుండా ఎవరూ ముందుకు వెళ్లలేదు.

ఇక రిహార్సల్ అంటే ఏమిటి? చిన్నచిన్న విషయాలే. ఎంత చిన్నవంటే శిక్షణ పుస్తకాల్లో రాయడానికి సిగ్గుపడతారు.

మూతతోనే మొదలుపెడదాం. పిల్లల ముందు తెరిచిన స్క్రీన్ ఉన్నంతసేపూ టీచరు మాట గాలికి పోతుంది. పూర్తిగా మూయమంటే మళ్లీ లాగిన్ కావడానికి రెండు నిమిషాలు. అందుకని కొందరు 'సగం మూత' అలవాటు చేస్తారు. "సగం" అనగానే అందరూ మూతను వేళ్లు పట్టేంత సందు ఉంచి వంచుతారు. స్క్రీన్ కనపడదు, పని పోదు. వారం రోజులు ఓపికగా చేయిస్తే అదే అలవాటవుతుంది. ఇది కంప్యూటర్ జ్ఞానం కానే కాదు, క్లాసును నడిపించే నేర్పు. ఆ నేర్పు మన టీచర్ల దగ్గర పుష్కలంగా ఉంది, దాన్ని ఈ కొత్త వస్తువుకు అన్వయించుకునే చనువు, అవకాశం ఇవ్వాలంతే.

తర్వాత నిలబడే చోటు. బోర్డు దగ్గర నిలబడితే వీపులు, గది వెనక నిలబడితే స్క్రీన్లు కనిపిస్తాయి. ఏళ్ల తరబడి ముందు నిలబడి చెప్పిన మనిషిని వెనక్కి వెళ్లి నిలబడమనడం చెప్పినంత సులువు కాదు, ఒంటికి అలవాటైన పని మారాలి. బెంచీల మధ్య నడిచే దారి ఉందా, వైర్లు కాళ్లకు తగులుతున్నాయా అన్నవి పిల్లలు లేనప్పుడే ఒకసారి నడిచి చూసుకోవాలి. ఎవరి స్క్రీన్ ఎవరికి కనిపిస్తోందన్నది కూడా తక్కువ విషయం కాదు. కెనడాలో ఫారియా సనా అనే పరిశోధకురాలి బృందం యూనివర్సిటీ విద్యార్థులతో చేసిన రెండు ప్రయోగాలు 2013లో అచ్చయ్యాయి. ఒకదాంట్లో, పాఠం జరుగుతుండగా ల్యాప్‌టాప్‌లో వేరే పనులు చేసినవాళ్లకు పరీక్షలో 11 శాతం తక్కువ వచ్చాయి. రెండోదాంట్లో, అలాంటి స్క్రీన్ కనపడేలా కూర్చుని, తాము మాత్రం బుద్ధిగా రాసుకున్నవాళ్లకు 17 శాతం తక్కువ వచ్చాయి. అంటే గేమ్ ఆడిన వాడికే కాదు, వాడి వెనక కూర్చున్న అమాయకుడికీ గట్టి దెబ్బే. బడి పిల్లల మీద చేసిన ప్రయోగాలు కావు గానీ, చివరి బెంచీలో నేను చూసిందీ ఇలాంటిదే. గేమ్ ఆడింది ఇద్దరు, చూసింది ఆరుగురు.

ఛార్జింగ్ లేని ల్యాప్‌టాప్ గురించి ముందే తీర్మానం ఉండాలి. ఒక ల్యాప్‌టాప్‌కు ఇద్దరు, ఒకరు కొడితే ఒకరు చదివి చెప్పాలి, పది నిమిషాలకు చేతులు మారాలి. తమాషా ఏమిటంటే, చాలా పాఠాలకు ఇదే మేలు. ఇద్దరు కలిస్తే మాట్లాడుకోక తప్పదు, మాట్లాడుకుంటే ఆలోచించక తప్పదు. మనిషికొకటి అన్నారు కదా అని ప్రతి పీరియడ్‌లో మనిషికొకటి తెరవాలన్న రూలేమీ లేదు. అసలు ఏదీ పనిచేయని రోజుకు కాగితం మీద అదే పని సిద్ధంగా ఉండాలి. కాగితం చేతిలో ఉన్న టీచరు గొంతు వణకదు.

ఈ పనులన్నీ మూడు రోజుల హాల్ శిక్షణలో కుదరవు. టీచర్ల శిక్షణ మీద పరిశోధన చేసిన బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980లలోనే గట్టిగా చెప్పిన మాట ఒకటుంది. విని, చూసి వచ్చిన కొత్త పద్ధతి తోటి టీచరు పక్కనుండి సాయం పట్టకపోతే క్లాసు గది దాకా చేరడం కష్టమని. నలభై ఏళ్లయినా మనం హాల్లో కుర్చీలు వేసి, టీ ఇచ్చి, సంతకాలు తీసుకుని పంపేస్తున్నాం. నేనైతే ఆ మూడు రోజుల్ని ముక్కలు చేసి ఏడాది పొడవునా పంచుతాను. వారానికి ఒక పీరియడ్ టైమ్‌టేబుల్లోనే ఖాళీ ఉంచి, ఒకే సబ్జెక్టు చెప్పే ఇద్దరిని జత చేయాలి. ఒకరు చెప్తుంటే ఒకరు వెనక కూర్చుని చూడాలి. తర్వాత పది నిమిషాలు మాట్లాడుకోవాలి. బడి అయ్యాక ఉండమంటే అది శిక్షణ కాదు, శిక్ష.

అన్నిటికంటే ముందు, పిల్లలకంటే కొన్ని నెలల ముందే టీచరు చేతికి అదే ల్యాప్‌టాప్ రావాలి. అదే మోడల్, అదే సాఫ్ట్‌వేర్. వెంటనే దాంతో పాఠం చెప్పమని అడగకూడదు. మార్కుల లెక్క వేసుకోనివ్వాలి, ప్రశ్నపత్రం టైప్ చేసుకోనివ్వాలి. తన పని తగ్గించిన వస్తువును ఎవరైనా తనంతట తానే పిల్లల ముందుకు తెస్తారు. తన పని పెంచిన వస్తువును ఎంత తనిఖీ పెట్టినా బీరువాలోనే దాస్తారు.

తనిఖీ అంటే గుర్తొచ్చింది. వారానికి ఎన్ని గంటలు వాడారని లెక్క అడిగే బడుల్లో ఆ గంటలు నింపడానికి వీడియోలు వేస్తారు. ల్యాప్‌టాప్ వాడకూడదని నిర్ణయించుకునే స్వేచ్ఛ టీచరుకు లేకపోతే, వాడాలన్న నిర్ణయానికీ విలువ లేదు. రాసిన పేరాను నాలుగుసార్లు దిద్దుకోవడం కీబోర్డు మీద హాయి. చేత్తో తిరగరాయమంటే రెండోసారికే పిల్లలు మూలుగుతారు. వందల అంకెల నుంచి గ్రాఫ్ తేవాలన్నా, క్లాసులో చేయలేని ప్రయోగాన్ని బొమ్మలో చూపాలన్నా ఈ యంత్రం బంగారం. జ్యామితిలో మొదటిసారి లంబరేఖ గీయడం నేర్పాలంటే మాత్రం స్కేలూ పెన్సిలే మేలు. ఈ తేడా సబ్జెక్టు టీచరుకే తెలుస్తుంది. అన్ని సబ్జెక్టుల వాళ్లనూ ఒకే హాల్లో కూర్చోబెట్టి ఒకే స్లైడ్లు చూపడం అందుకే నాకు నచ్చదు.

కుర్ర టీచర్లకు ఇదంతా అక్కర్లేదు, వాళ్లు ఫోన్లతోనే పెరిగారు అనే మాట కూడా విన్నాను. ఫోన్ వేగంగా తిప్పడం వేరు, నలభై స్క్రీన్లున్న క్లాసు నడపడం వేరు. నేను చూసినంతలో కొత్తగా చేరినవాళ్లే ఎక్కువ తడబడ్డారు, క్లాసు మీద పట్టు ఇంకా రాలేదు కాబట్టి. సీనియర్‌నూ జూనియర్‌నూ జత చేస్తే ఇద్దరికీ లాభం.

చాట్‌బాట్‌లు వచ్చాక సిద్ధపడాల్సిన పని ఇంకొంచెం పెరిగింది. "ఫలానా దానికి కారణాలు రాయండి" అనే ప్రశ్నకు పిల్లవాడు అర నిమిషంలో జవాబు తెప్పిస్తాడు. నిన్న మీ గ్రూపు కొలిచిన అంకెల్లో ఏది తేడాగా ఉంది, ఎందుకు అని అడిగితే అలా కుదరదు. ప్రశ్నలు మార్చి రాసుకోవడం కూడా ఇద్దరు టీచర్లు కూర్చుని చేసుకోవాల్సిన పనే, దానికీ ఆ ఖాళీ పీరియడే దిక్కు.

టీచరుకు అంతా వచ్చి తీరాలన్న పట్టుదల కూడా వదులుకోవచ్చు. ఉరుగ్వే 2007లో ప్లాన్ సేబాల్ పేరుతో ల్యాప్‌టాప్‌లు పంచింది. తర్వాత ఇంగ్లిష్ టీచర్లు చాలక, వీడియోలో దూరం నుంచి ఒక టీచరు పాఠం చెప్పే ఏర్పాటు చేసింది. గదిలో ఉండే క్లాసు టీచరుకు ఇంగ్లిష్ అంతగా రాకపోయినా ఫర్వాలేదు. పిల్లలతో పాటు తనూ నేర్చుకుంటూ, మిగతా పీరియడ్లలో వాళ్లతో సాధన చేయిస్తుంది. పిల్లల ముందు "నాకూ రాదు, చూద్దాం" అనడం టీచరుకు చిన్నతనంగా కాకుండా పనిలో భాగంగా మారింది.

ఆ సైన్స్ టీచరును నాలుగైదు నెలల తర్వాత మళ్లీ చూశాను. అదే పాఠం, ఈసారి పక్క సెక్షన్‌కు. మధ్యలో లెక్కల టీచరుతో జతగా కొన్ని వారాలు పనిచేశారట. పన్నెండు గ్రూపులు, పన్నెండే ల్యాప్‌టాప్‌లు. మిగతావి బీరువాలోనే ఉన్నాయి. మొదటి అయిదు కొలతలూ పిల్లలు కాగితం మీదే రాశారు. తర్వాతే మూతలు తెరిచారు. ఆవిడ గది వెనక, నా బెంచీ పక్కనే నిలబడ్డారు. పన్నెండు గీతలూ ఒకే గ్రాఫ్ మీద ప్రొజెక్టర్లో పడ్డాయి. పదకొండు దాదాపు ఒకదానిమీద ఒకటి పడుకున్నట్టున్నాయి, ఒకటి మాత్రం గబగబా కిందికి దిగిపోయింది. "సగం" అన్నారావిడ, మూతలన్నీ వంగాయి.

"మీ నీళ్లెందుకు త్వరగా చల్లారాయిరా?"

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ గ్రూపులో ఒకమ్మాయి తల పైకెత్తి చూసి, "మేము ఫ్యాన్ కింద కూర్చున్నాం మేడమ్" అంది. కాదు, వాళ్ల గ్లాసులో నీళ్లే తక్కువ పోశారని ఇంకో గ్రూపు గొడవకు దిగింది. గంట కొట్టేసరికి రెండు గ్రూపులూ చోట్లు మార్చుకుని మళ్లీ వేడినీళ్లు అడుగుతున్నాయి.