సరిహద్దు మొదలయ్యేది చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే

పాస్‌పోర్టు ఉంది. వీసా ఉంది. బ్యాంకులో సరిపడా డబ్బుంది, మొదటి వారానికి హోటల్ కూడా బుక్ అయింది. చెక్-ఇన్ కౌంటర్‌లో ఉద్యోగి పాస్‌పోర్టు అందుకుని నాలుగు పేజీలు తిప్పుతారు, కీబోర్డు మీద ఏదో కొడతారు, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండానే అడుగుతారు: ‘‘రిటర్న్ టికెట్ చూపించండి.’’ వన్‌వేలో వెళ్తున్నామని చెప్పగానే ఆ వేళ్లు ఆగిపోతాయి. సూట్‌కేసు అప్పటికే బెల్టు మీద ఉంటుంది, దాని బరువు అంకెల్లో కనిపిస్తుంటుంది, వెనక లైన్లో ఎవరో గట్టిగా నిట్టూరుస్తారు. ‘‘కాస్త పక్కకు వెళ్లి ఏదో ఒక టికెట్ బుక్ చేసుకుని రండి. కౌంటర్ మూసే టైమ్ అవుతోంది.’’

ఆ టెన్షన్‌లో ఫోన్‌లో కొనే టికెట్ ఎలాంటిదో ఆలోచించండి. ఏ ఊరికైనా సరే, ఏ తేదీకైనా సరే, చవగ్గా దొరికితే చాలు. కొన్నవాళ్లకు ఆ విమానం ఎక్కే ఉద్దేశం లేదు. ఎక్కుతారన్న నమ్మకం అడిగినవాళ్లకూ లేదు. అయినా అది చూపించిన మరుక్షణం బోర్డింగ్ పాస్ ప్రింటవుతుంది. ఎవరికీ ఏమీ రుజువు చేయని ఈ తంతును ఇంకా ఎన్నాళ్లు మోయాలన్నదే నా ప్రశ్న.

వన్‌వే టికెట్‌తో టూరిస్టుగా వెళ్లడం నేరమేమీ కాదు. దీని మీద దేశానికో తీరు ఉంది. చాలా దేశాలవాళ్లను వీసా లేకుండా 30 రోజులు ఉండనిచ్చే ఫిలిప్పీన్స్, రిటర్న్ టికెట్టో, మూడో దేశానికి వెళ్లే టికెట్టో ఉండి తీరాలని తేల్చి చెబుతుంది. థాయిలాండ్‌లో 15 రోజుల వీసా ఆన్ అరైవల్ (దిగాక ఇచ్చే వీసా) కావాలంటే ఆ 15 రోజుల్లోపు దేశం విడిచే టికెట్‌తో పాటు మనిషికి 10,000 బాట్లు చూపించాలి. ఇలాంటి చోట్ల గొడవ లేదు. రూల్ రాసి ఉంది, నచ్చితే వెళ్తాం, లేకపోతే మానేస్తాం.

అమెరికా సంగతి వేరు. అక్కడి 1952 వలస చట్టంలోని 214(బి) సెక్షన్, వచ్చే ప్రతి విదేశీయుణ్నీ స్థిరపడటానికి వచ్చినవాడిగానే ముందు లెక్కగడుతుంది. కొన్ని వీసా తరగతులకు మాత్రమే మినహాయింపు. టూరిస్టు అయితే, తాను తిరిగి వెళ్లిపోతానని అధికారిని తానే నమ్మించాలి. అంత కఠినమైన చట్టం కూడా బీ-2 విజిటర్ వీసా ఉన్నవాళ్లకు రిటర్న్ టికెట్ తప్పనిసరి చేయలేదు. కొన్ని దేశాలవాళ్లను వీసా లేకుండా రానిచ్చే, 1986 చట్టంతో మొదలైన వీసా మాఫీ పథకం కింద వచ్చేవాళ్లకే ఆ షరతు. వాళ్ల టికెట్ కెనడాలోనో మెక్సికోలోనో ముగిసేదైతే, అక్కడ నివాసం ఉంటే తప్ప చెల్లదు. యూరప్‌లో ఒకే వీసాతో తిరగనిచ్చే షెంగెన్ దేశాల సరిహద్దు నిబంధనలు మరో దారి పట్టాయి. 180 రోజుల్లో 90 రోజులకు మించకూడదంటాయి, ఉండటానికీ తిరిగి వెళ్లడానికీ సరిపడా డబ్బు ఉందా అని అడుగుతాయి. రిటర్న్ టికెట్‌ను అధికారి అడగదగిన కాగితాల జాబితాలో చేర్చాయంతే. అంటే టికెట్ కొనే స్తోమత ఉందని చూపించడానికీ అక్కడ విలువ ఉంది.

కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ తేడాలన్నీ చెరిగిపోతాయి. తప్పనిసరి అన్న దేశమూ, అడగవచ్చు అన్న దేశమూ ఒకే గాటన కట్టేస్తారు. ఎందుకు?

అంతర్జాతీయ పౌర విమానయానానికి మూలమైన 1944 నాటి షికాగో ఒప్పందానికి తొమ్మిదో అనుబంధం ఒకటుంది. ప్రయాణికుడి దగ్గర సరైన పత్రాలు ఉన్నాయో లేదో విమానం ఎక్కకముందే చూసుకోవాల్సిన బాధ్యతను అది ఎయిర్‌లైన్స్ మీద పెట్టింది. ఆ తర్వాత ఒక్కో దేశం జరిమానాలు తెచ్చింది. బ్రిటన్ 1987లోనే ఇందుకోసం ప్రత్యేకంగా చట్టం చేసింది. యూరోపియన్ యూనియన్ 2001 ఆదేశం ప్రకారం, సరైన పత్రాలు లేని మనిషిని తీసుకొస్తే సభ్య దేశాలు తలకు కనీసం 3,000 యూరోల జరిమానా పెట్టవచ్చు, లేదా గరిష్ఠ జరిమానా 5,000 యూరోలకు తగ్గకుండా చూడవచ్చు. ఈ జరిమానాలు ప్రధానంగా పాస్‌పోర్టు, వీసా లోపాలకే. కానీ రిటర్న్ టికెట్ లేదన్న కారణంతో అవతలి దేశం వెనక్కి పంపినా ఆ మనిషిని తిరిగి తీసుకెళ్లాల్సింది తెచ్చిన ఎయిర్‌లైనే. తర్వాత ఆ డబ్బు ప్రయాణికుడి నుంచి వసూలు చేసుకోవచ్చు. ముందు చేతి చమురు వదిలేది మాత్రం వాళ్లకే.

కౌంటర్‌లో కూర్చున్న ఉద్యోగి పరిస్థితి కూడా చూడాలి. ఆయన ముందున్న స్క్రీన్ మీద ఉండేది చాలాసార్లు టిమాటిక్, అంటే అంతర్జాతీయ విమాన రవాణా సంఘం నడిపే డేటాబేస్. ఏ దేశం పాస్‌పోర్టు, ఎక్కడ నివాసం, ఎక్కడికి ప్రయాణం అన్న వివరాలు కొడితే నిబంధనలు వస్తాయి. అందులో ఒక దేశానికి ‘ఉండాలి’ అని వస్తుంది, ఇంకో దేశానికి ‘లేకపోతే ప్రవేశం నిరాకరించే అవకాశం ఉంది’ అని వస్తుంది. రెండింటికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా. కానీ లైన్లో వంద మంది ఉండగా, తప్పు చేస్తే మేనేజర్‌కు సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన ఉద్యోగి ఆ తేడాను పట్టించుకునే సాహసం చేయరు. ఎందుకొచ్చిన తంటా అని ఆపేస్తారు. నాకు ఆయన మీద కోపం లేదు. తమ పనిని జీతగాడి నెత్తిన పెట్టి పక్కకు తప్పుకున్న ప్రభుత్వాల మీదే కోపం.

గడువు దాటి ఉండిపోయేవాళ్ల గురించి ప్రభుత్వాలకున్న ఆందోళన ఉత్తుత్తిదేమీ కాదు, అలాంటివాళ్లను ఆపే హక్కూ వాటికుంది. కానీ రిటర్న్ టికెట్ ఆ పని చేస్తుందా? ఉండిపోవాలని ముందే నిశ్చయించుకున్న మనిషి అన్నింటికన్నా ముందు కొనేది రిటర్న్ టికెట్టే. ఆ ప్రయాణానికి అయ్యే మొత్తం ఖర్చులో వదులుకోవడానికి సులువైనది అదే. పైగా దూర ప్రయాణాల్లో పెద్ద ఎయిర్‌లైన్స్ రిటర్న్ చార్జీ కొన్నిసార్లు వన్‌వే కన్నా తక్కువకే దొరుకుతుంది. నిజాయితీగా వన్‌వే కొనేవాళ్లు ఎవరు? సైకిల్ మీద మూడు దేశాలు దాటుదామని బయల్దేరినవాళ్లు. థాయిలాండ్‌లో దిగి నోంగ్‌ఖాయ్ దగ్గర మెకాంగ్ వంతెన మీదుగా లావోస్‌లోకి వెళ్దామనుకునేవాళ్లు. ఆస్పత్రిలో ఉన్న అక్కను చూడటానికి వెళ్తూ, ఎప్పుడు తిరిగి రాగలరో తెలియనివాళ్లు. ఈ చివరి వాళ్లను తేదీ అడగడమే కష్టంగా ఉంటుంది. తేదీ తెలిస్తే వాళ్లే సంతోషిస్తారు.

అవసరం ఉన్నచోట వ్యాపారం పుడుతుంది. చిన్న మొత్తానికి రెండు రోజులు బతికుండే రిజర్వేషన్ చేసిపెట్టే ‘డమ్మీ టికెట్’ సైట్లు ఇప్పుడు బోలెడు. పీఎన్‌ఆర్ ఒక్కటే ఉండి 13 అంకెల ఈ-టికెట్ నంబర్ లేకపోతే అది టికెట్ కాదని కౌంటర్‌లో ఇట్టే తెలిసిపోతుంది. ఇక పీడీఎఫ్‌లో పేరు, తేదీ మార్చి చూపించడం పచ్చి ఫోర్జరీ. దయచేసి ఆ పని చేయకండి. టికెట్ లేకపోతే మహా అయితే ఆ ప్రయాణం పోతుంది. ప్రవేశం కోసం అధికారి ముందు కీలకమైన విషయంలో కావాలని అబద్ధమాడినట్టు తేలితే అమెరికా చట్టం జీవితాంతం తలుపు మూసేయగలదు, ప్రత్యేక మినహాయింపు దొరికితే తప్ప. అంతకన్నా పూర్తి రీఫండ్ వచ్చే టికెట్ కొని, దిగాక రద్దు చేసుకోవడం ఎంతో మేలు. అమెరికాకు వచ్చే, అక్కణ్నుంచి వెళ్లే విమానాలకైతే, ప్రయాణానికి కనీసం వారం ముందు ఎయిర్‌లైన్ దగ్గరే బుక్ చేస్తే 24 గంటల్లోపు ఉచితంగా రద్దు చేసుకునే వీలు, లేదా డబ్బు కట్టకుండా ఆ ధరను 24 గంటలు ఆపి ఉంచే వీలు ఉండాలని అక్కడి రవాణా శాఖ నిబంధన. కానీ రీఫండ్ టికెట్ కొనాలంటే అంత డబ్బు కొన్ని రోజులు ఇరుక్కుపోయినా తట్టుకోగలగాలి. అది లేనివాళ్లే డమ్మీ సైట్ల వైపు పోతున్నారు.

బలహీనమైన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఇది రెండో పరీక్ష అన్న సంగతి మర్చిపోతున్నాం. షెంగెన్ వీసాకు దరఖాస్తు చేసిన రోజే వాళ్లు బ్యాంకు స్టేట్‌మెంట్లు, ప్రయాణ ప్రణాళిక, 30,000 యూరోల వైద్య బీమా అన్నీ ఇచ్చారు. తిరిగి వెళ్తారని కాన్సులేట్ నమ్మాకే వీసా స్టిక్కర్ అతికించింది. ఆ నమ్మకాన్ని కౌంటర్‌లో మళ్లీ మొదటి నుంచి నిరూపించుకోవాలి, దిగాక ఇమిగ్రేషన్ దగ్గర ఇంకోసారి.

నన్ను అన్నింటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటుంది. షెంగెన్ సరిహద్దులో అధికారి వెనక్కి పంపాలంటే నిర్ణీత ఫారంలో కారణం రాసి చేతికివ్వాలి, దాని మీద అప్పీలు చేసుకునే హక్కు ఉంటుంది. అదే మనిషిని విమానం ఎక్కనివ్వకుండా ఆపేసిన కౌంటర్‌లో చాలాసార్లు కాగితం ముక్క కూడా దొరకదు. విమానం వెళ్లిపోతుంది, వన్‌వే టికెట్ డబ్బులూ చాలాసార్లు పోతాయి, ఎవరి మీద ఏమని ఫిర్యాదు చేయాలో కూడా తెలియదు. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2020 ఏప్రిల్‌లో దీనికి దగ్గరగా ఉన్న కేసు ఒకటి తేల్చింది. సైప్రస్‌లోని లార్నాకా నుంచి రొమేనియా రాజధాని బుకారెస్టు వెళ్లాల్సిన ప్రయాణికురాలిని పత్రాలు సరిగ్గా లేవని ఎక్కనివ్వలేదు. ఎయిర్‌లైన్ తనంతట తాను అలా తీర్మానించినంత మాత్రాన ప్రయాణికురాలి హక్కులు పోవని, ఆ నిరాకరణ సబబో కాదో కోర్టు పరిశీలించాల్సిందేనని తీర్పు చెప్పింది. అది వీసా పత్రాల గొడవ. అయినా కౌంటర్‌లో చెప్పిన మాటే ఆఖరి మాట కాదని ఒక పెద్ద కోర్టు అనడం చిన్న సంగతేమీ కాదు.

అందుకే నేను కోరేది పెద్ద సంస్కరణలేమీ కాదు. రిటర్న్ టికెట్ తప్పనిసరి అయితే ఆ దేశం తన వెబ్‌సైట్‌లో అలాగే రాయాలి. తప్పనిసరి కాకపోతే, బస్సు టికెట్, ఫెర్రీ టికెట్, బ్యాంకు బ్యాలెన్స్‌లలో దేన్ని ఒప్పుకుంటుందో చెప్పి, అదే మాట టిమాటిక్‌లోకి చేరేలా చూడాలి. వెనక్కి పంపితే ఖర్చు నాదే అని సంతకం పెట్టించుకుని ఎక్కనిచ్చే పద్ధతి కొన్ని ఎయిర్‌లైన్స్‌లో కనిపిస్తుంది, మిగతావాళ్లూ దాన్ని అనుసరించవచ్చు. అప్పటిదాకా వన్‌వేలో వెళ్లేవాళ్లు బయల్దేరడానికి వారం ముందే ఎయిర్‌లైన్‌కు మెయిల్ పెట్టి, వచ్చిన జవాబును ప్రింట్ తీసుకుని వెంట ఉంచుకోవాలి. ఇమిగ్రేషన్ అధికారి ‘‘ఎప్పుడు వెళ్తారు?’’ అంటే ‘‘చూద్దాం’’ అనకుండా, ఏ దారిన, దాదాపు ఏ తేదీకి వెళ్తారో చెప్పాలి. కౌంటర్‌లో ఆపేస్తే సూపర్‌వైజర్‌ను పిలిపించమని అడగండి. ఏ నిబంధన ప్రకారం ఆపుతున్నారో రెండు లైన్లు రాసి, తేదీ వేసి ఇమ్మనండి.