శిఖరం నడుమనే లేవదు

జీవుల్లో ఆకారాలు ఎలా ఏర్పడతాయో చెప్పే గణిత సమీకరణాల మీద మీ వ్యాసంలో ‘శిఖరం (రసాయనం గుమిగూడి గాఢత ఎత్తుగా లేచే చోటు) ఎప్పుడూ ప్రాంతం నడుమనే లేస్తుంది’ అని రాశారు. అది అంచున ఆ గాఢత సున్నా అని పెట్టుకున్నప్పటి మాట సార్. జీవశాస్త్ర నమూనాల్లో సాధారణంగా అంచు దాటి ఏదీ బయటికి పోదు. అప్పుడు, వ్యాపనం (రసాయనం చుట్టూ పాకడం) బాగా తక్కువైతే, అతి తక్కువ శక్తి (పరిష్కారానికి లెక్కగట్టే గణిత ఖర్చు) ఉన్న పరిష్కారంలో శిఖరం అంచుకే అతుక్కుంటుంది. అక్కడ సగం శిఖరమే కాబట్టి ఖర్చూ సగమే! అదీ వంపు ఎక్కువున్న చోట. 1990ల మొదట్లో గణితవేత్తలు ని (Ni), తకాగి దీన్ని నిరూపించారు. హనుమకొండలో మా ఎమ్మెస్సీ పిల్లలకు బోర్డు మీద కోడిగుడ్డు గీసి, సన్నటి మొన దగ్గర చుక్క పెడతా, టక్కున పట్టుకుంటారు.

హైడ్రా అనే చిన్న నీటి జీవికి తల మళ్లీ మొలవడం, ఇలాంటి ఆకారాలకు గియరర్–మైన్‌హార్ట్ 1972లో ఇచ్చిన సమీకరణాలు మాత్రం చక్కగా చెప్పారు. వాటిలో నిరోధకం (అణిచే రసాయనం) ఉత్తేజకం (పెంచే రసాయనం) కంటే చాలా వేగంగా పాకాలన్న ముక్క ఒక్కటే జారిపోయింది.