రిపోర్టులు బాగున్నాయి, మరి మనిషి?

ఒంటి రక్షణ వ్యవస్థే చిన్న రక్తనాళాల మీద దాడిచేసే జబ్బు యాంకా వాస్క్యులైటిస్. దానికి చికిత్స మొదలై ఏడాది దాటింది. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ నిలకడగా ఉంది, మూత్రంలో రక్తం పోవడం లేదు, జబ్బు తీవ్రతను కొలిచే బీవీఏఎస్ స్కోరు సున్నా. డాక్టరు 'రెమిషన్', అంటే జబ్బు అణిగింది అని రాసి మూడు నెలల తర్వాత రమ్మంటారు. ఎదురుగా కూర్చున్న మనిషికేమో స్నానం చేసి వస్తే అరగంట నడుం వాల్చనిదే ఓపిక రాదు. ఇద్దరూ చెప్పేది నిజమే. కాకపోతే ఒకరి మాటకు కేస్‌షీట్‌లో గడి ఉంది, రెండోవారి మాటకు లేదు. ఆ గడి పెట్టి తీరాలి.

ఈ తేడాకు కారణం చరిత్రలోనే ఉంది. చిన్న రక్తనాళాల గోడలు వాచి మూత్రపిండాలు, ఊపిరితిత్తులు, ముక్కు, నరాలు దెబ్బతినే ఈ జబ్బులు ఒకప్పుడు నెలల్లోనే ప్రాణం తీసేవి. వీటిలో ఒకటైన వెజెనర్స్ జబ్బును ఇప్పుడు జీపీఏ అంటున్నారు. దానిపై 1958లో వాల్టన్ ప్రచురించిన పరిశీలనలో రోగుల సగటు ఆయుష్షు 5 నెలలు; 82 శాతం మంది ఏడాది తిరక్కుండానే చనిపోయారు. 1970లలో రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోఫాస్ఫమైడ్‌ను స్టెరాయిడ్‌తో కలిపి ఇవ్వడంతో పరిస్థితి మారింది. 2010లో రిటుక్సిమాబ్ అనే మరో మందు దానికి దీటుగా నిలిచింది. ప్రాణం నిలిపితే చాలనుకున్న కాలపు ఆలోచనే స్కోర్లలోనూ కనిపిస్తుంది.

బీవీఏఎస్‌లో జ్వరం, బరువు తగ్గడం ఉన్నాయి గానీ నిస్సత్తువ లేదు. మూడు నెలలకు మించి మిగిలిపోయిన నష్టాన్ని లెక్కపెట్టే వీడీఐలో 64 అంశాలున్నాయి, ఒక్కోదానికి ఒక్క పాయింటు. అంటే ముక్కులో పక్కులు కట్టినా ఒకటే, మూత్రపిండాలు పూర్తిగా దెబ్బతిన్నా ఒకటే. మనిషి రోజు ఎలా గడుస్తోందో ఈ లెక్క చెప్పలేదు. అది చెప్పే సాధనాలు లేకపోలేదు. ఎస్ఎఫ్-36 ఏ జబ్బుకైనా పనికొచ్చే 36 ప్రశ్నల పత్రం. ఏఏవీ-ప్రో అచ్చంగా ఈ జబ్బు కోసమే రోగులను అడిగి తయారుచేసిన 29 ప్రశ్నలు. మందుల దుష్ప్రభావాలు, రేపటి గురించిన బెంగ కూడా అందులో ఉన్నాయి. టైం లేదనడం సాకే. డాక్టరు పిలిచేలోపు బయట బల్ల మీద కూర్చునే నింపేయొచ్చు.

రోగులు అన్నిటికన్నా ముందు చెప్పేది నిస్సత్తువ గురించే. ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష సీఆర్పీకి, రక్తంలో యాంకా యాంటీబాడీలు ఎంతున్నాయో చెప్పే టైటర్‌కు, ఈ నిస్సత్తువకు పెద్దగా పొంతన ఉండదు. అందుకే రెండు తప్పులు జరుగుతుంటాయి. రిపోర్టులు బాగున్నాయి కదా, అంతా మీ మనసులోనే అనడం ఒకటి. స్టెరాయిడ్ కాస్త పెంచి చూద్దామనడం రెండోది, ఇది మరీ ప్రమాదం. ముందు వెతకాల్సినవి వేరే ఉన్నాయి: హిమోగ్లోబిన్, ఐరన్ నిల్వలు, థైరాయిడ్, కుంగుబాటు, నిద్ర. స్టెరాయిడ్‌తో బరువు పెరిగినవారిలో గురక, నిద్రలో ఊపిరి ఆగడం ఉన్నాయేమో ఇంట్లోవాళ్లను అడగాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమనండి. లేవలేకపోతే తొడ కండరాలను స్టెరాయిడ్ దెబ్బతీసి ఉండొచ్చు. అలాంటప్పుడు మోతాదు పెంచితే ఉన్న బలమూ పోతుంది.

ఎక్కువగా జారిపోయేది మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథుల సంగతి. నెలల తరబడి ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ వాడితే ఆ గ్రంథుల్లో ఒంటి సొంత స్టెరాయిడ్ అయిన కార్టిసోల్ తయారీ పడకేస్తుంది. మోతాదు రోజుకు 5 మిల్లీగ్రాముల దగ్గరికి వచ్చాక ఒళ్లునొప్పులు, వికారం, లేచి నిలబడితే కళ్లు తిరగడం మొదలైతే జబ్బు తిరగబెట్టిందని కంగారు పడతారు. ఉదయం 8–9 గంటల మధ్య, ఆ రోజు మాత్ర వేసుకోకముందు కార్టిసోల్ పరీక్ష చేస్తే విషయం తేలుతుంది. 5 తర్వాత నెలకు 1 మిల్లీగ్రాము చొప్పున తగ్గించడం మేలు. జ్వరమొచ్చినా, వాంతులైనా మాత్ర మానకూడదు; ఆ రోజుల్లో మోతాదు ఎంత పెంచాలో, మాత్ర కడుపులో నిలవకపోతే ఎవరికి ఫోన్ చేయాలో ముందే రాయించుకోవాలి.

అసలు అంత స్టెరాయిడ్ అవసరమా? 704 మందిపై జరిగి 2020లో వెలువడిన పెక్సివాస్ క్లినికల్ ట్రయల్ దీనికి గట్టి జవాబిచ్చింది. మొదటి వారం మామూలు మోతాదే ఇచ్చి, రెండో వారంలోనే సగానికి దించారు. ఆరు నెలల మొత్తం పాత పద్ధతిలో ఇచ్చేదానిలో 60 శాతం లోపే. మరణాలు, మూత్రపిండాల వైఫల్యం పెరగలేదు. మొదటి ఏడాది తీవ్ర ఇన్ఫెక్షన్లు తగ్గాయి. ఇంత తెలిశాక కూడా తగిన కారణం లేకుండా పాత మోతాదులే కొనసాగిస్తుంటే అది జాగ్రత్త కాదు, అలవాటు.

ముక్కు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, వాసన తెలియక, రాత్రంతా నోటితో గాలి పీల్చేవారికి చిన్నది కాదు. కాచి చల్లార్చిన పావు లీటరు నీళ్లలో అర టీస్పూను అయోడిన్ లేని ఉప్పు, చిటికెడు వంటసోడా కలిపి రోజుకు రెండుసార్లు కడగాలి. పక్కులను గోటితో పీకితే రక్తం కారి మళ్లీ కడతాయి. గొంతు బొంగురుపోయి, గాలి పీల్చేటప్పుడు కీచుమంటే మాత్రం ఆస్తమా అని ఇన్‌హేలర్‌తో సరిపెట్టకూడదు. స్వరపేటిక కింద శ్వాసనాళం ఇరుకైందేమో ఈఎన్‌టీ డాక్టరు చూడాలి.

సంతానం మాట సైక్లోఫాస్ఫమైడ్ మొదటి డోసుకు ముందే రావాలి. వీర్యం, అండాలు భద్రపరచుకునే వీలు ఆ తర్వాత తగ్గిపోతుంది. ఆ మందు వాడినవారిలో ఏళ్ల తర్వాత మూత్రంలో రక్తం కనిపిస్తే మూత్రపిండాలతో పాటు మూత్రాశయాన్నీ పరీక్షించాలి, అక్కడ క్యాన్సర్ ముప్పు ఉంటుంది గనుక. రిటుక్సిమాబ్ మీద ఉన్నవారికి, ఇన్ఫెక్షన్లను ఎదిరించే యాంటీబాడీ ఐజీజీ స్థాయి చూస్తుండాలి. మాటిమాటికీ వచ్చే సైనస్ ఇన్ఫెక్షన్ జబ్బు తిరగబెట్టడం వల్ల కాక, ఐజీజీ పడిపోవడం వల్ల కూడా కావచ్చు.