తోట పోడియం మీద, ఊట బేస్‌మెంట్‌లో

కింద దుకాణాలు, మధ్యలో ఆఫీసులు, పైన ఫ్లాట్లు. అనంతపురంలో ఇలాంటి సముదాయం కట్టేవారికి ల్యాండ్‌స్కేప్ విషయంలో తొలి కర్తవ్యం, స్థలంలో ఉన్న వేపచెట్టును కొట్టేయడం. ఎవరూ చెంబెడు నీళ్లు పోయకుండానే బతికిన చెట్టుకు మెయింటెనెన్స్ ఛార్జీ ఏమని వసూలు చేస్తారు? దాని జాగాలో రాయల్ పామ్‌లు వరసగా నిలబెట్టాలి. మిట్టమధ్యాహ్నం మనిషి ఊపిరి బిగబట్టి కాండానికి ఆనుకుంటే ఒక భుజానికి నీడ దొరుకుతుంది. బ్రోషర్‌లో మాత్రం దుబాయే.

తర్వాత లాన్. మన దగ్గర ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఎండాకాలంలో లాన్ చదరపు మీటరుకు రోజూ 5 లీటర్ల దాకా తాగుతుంది. నాలుగు నెలల్లో 600 మిల్లీమీటర్లు. ఏడాది వానంతా ఆ నాలుగు నెలలకే చాలదన్నమాట. 1,000 చదరపు మీటర్లయితే రోజుకో 5,000 లీటర్ల ట్యాంకరు. ఎస్టీపీ (మురుగునీటిని శుద్ధిచేసే ప్లాంటు) నీళ్లు వాడతామని ప్లానులో రాసి ఉంటుంది నిజమే, కరెంటు బిల్లు చూశాక ఆ ఎస్టీపీ విశ్రాంతిలో ఉంటుంది. గాలిమరలు తిరిగే సీమలో స్ప్రింక్లర్లు పెడితే ఇంకో లాభం, గడ్డి తడవకపోయినా పార్కింగులో కార్లు కడిగినట్టే. పోనీ డ్రిప్పు వేద్దామంటే బోరు నీళ్ల ఉప్పు ఎమిటర్లలో, అంటే చుక్కలు వదిలే రంధ్రాల్లో, పేరుకుంటుంది. అప్పుడప్పుడు యాసిడ్ పంపి లైన్లు కడగాలి. ఆ పని ఎవరి టెండర్లోనూ ఉండదు.

అసలు కళాఖండం పోడియం, అంటే బేస్‌మెంట్ కప్పు మీద తోట వేసే జాగా. బేస్‌మెంట్ స్లాబు పోసేసి, రెయిలింగు రంగు కూడా ఖాయమయ్యాక ల్యాండ్‌స్కేప్ మనిషికి ఫోను చేస్తారు. లాన్‌కు 30 సెంటీమీటర్ల మన్ను, పొదలకు 60, చెట్టుకు కనీసం మీటరు కావాలంటాడతను. తడిసిన మీటరు మన్ను చదరపు మీటరుకు దాదాపు 1,800 కిలోలు. ఇంటి గదుల స్లాబుకు లెక్కగట్టే లైవ్ లోడు (మనుషులు, సామాన్ల బరువు) చదరపు మీటరుకు 200 కిలోలు. స్ట్రక్చరల్ ఇంజనీరు తల పట్టుకుంటాడు, చివరికి మర్రికీ మల్లెకూ సమానంగా 40 సెంటీమీటర్లు మంజూరవుతుంది. మాలి ఒక్కడే అడుగుతాడు, "వేరు యాడికి పోతాది సార్?" అని. మీటింగు మినిట్స్‌లో ఆ ప్రశ్న ఎక్కదు.

పొరల వరస తెలియనిది కాదు. స్లాబు మీద 100కు 1 వాలు, పైన వాటర్‌ప్రూఫింగ్ పొర, మూడు రోజులు నీళ్లు నిలబెట్టి పరీక్ష, రక్షణ కాంక్రీటు, వేళ్లు చొరబడని షీటు, నీళ్లు బయటికి పోయేందుకు డ్రెయిన్ బోర్డు, నీళ్లు వదిలి మన్నును ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ, ఆపైనే మన్ను. పరీక్ష మూడు గంటల్లో ముగించి ఫొటో తీసుకుంటారు. గుడ్డ వేయకుండా ఎర్రమన్ను పోస్తే బంక దిగి డ్రెయిన్ మూసుకుంటుంది. అంతా సవ్యంగా కుదిరిందనుకున్న రోజున లైటు స్తంభాలవాడు వచ్చి వాటర్‌ప్రూఫింగ్ పొరలోంచి నాలుగు బోల్టులు దించుతాడు. (ఆ బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలు, తుప్పు పట్టవు. నాణ్యతలో రాజీ లేదు.)

నాటడానికి మంచి అదను తొలకరి తర్వాత. కానీ ప్రారంభోత్సవం ఉగాదికి. కాబట్టి చైత్రంలో నాటి, వైశాఖంలో ఎండనిచ్చి, జ్యేష్ఠంలో కొత్త మొక్కలకు బిల్లు పెట్టాలి.

దుకాణాల ముందు కానుగ నాటితే బోర్డు కనపడదట. కింది కొమ్మలు మూడు మీటర్ల దాకా తీసేస్తే బోర్డూ కనపడుతుంది, నీడా ఉంటుంది. అంతకంటే చెట్టు మొదట్లో యాసిడ్ పోయడం చవక. భవనం చుట్టూ ఖాళీగా వదలాల్సిన సెట్‌బ్యాక్ సంగతి సరేసరి, ప్లానులో ఉద్యానవనం, నేల మీద బైకుల స్టాండు.

ఇంత కృషి వృథా పోలేదు. బోల్టుల దారిన నీళ్లు దిగి, బేస్‌మెంట్ పైపు పక్కన పగులులో ఒక రావి మొక్క మొలిచింది. గుప్పెడు మన్ను లేదు, డ్రిప్పు లేదు, రోజుకో ఆకు వేస్తోంది. దాన్ని పీకించడానికి అసోసియేషన్ మూడు కొటేషన్లు పిలిచింది.