సవరణ: 2020 జీహెచ్‌ఎంసీ పోలింగ్ శాతం

2020 డిసెంబర్ 1 నాటి జీహెచ్‌ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్) ఎన్నికల్లో "ఎన్నడూ లేనంత తక్కువ పోలింగ్" అని నిన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. సాయంత్రం 5 గంటల అంకెనే తుది అంకె అనుకోవడం నా పొరపాటు.

రాష్ట్ర ఎన్నికల సంఘం తుది లెక్క ప్రకారం 2020లో 46.55 శాతం. 2016లో 45.29, 2009లో సుమారు 42. అంటే మూడింట్లో 2020దే ఎక్కువ. అయినా సగం కూడా దాటలేదన్న బాధ మాత్రం అలాగే ఉంది.

తేడా ఎక్కడ వస్తుందంటే, పగలు రెండేసి గంటలకు వచ్చే అంకెలు బూత్‌ల నుంచి ఫోన్‌లో చెప్పే ఉజ్జాయింపులు. ఆ రోజు పోలింగ్ 6 గంటల దాకా సాగింది. పైగా కోవిడ్ వల్ల ఈవీఎంలు కాకుండా బ్యాలెట్ పత్రాలు వాడారు. ప్రతి బూత్‌లో ఇచ్చిన పత్రాల లెక్క రాసి పంపాకే అసలు మొత్తం తేలుతుంది.

46.55 అన్నది 149 డివిజన్లదే (డివిజన్ అంటే ఒక కార్పొరేటర్‌ను ఎన్నుకునే వార్డు). ఓల్డ్ మలక్‌పేట డివిజన్ అందులో లేదు. అక్కడ బ్యాలెట్ పత్రంపై సీపీఐ గుర్తు కంకి కొడవలి బదులు సీపీఎం గుర్తు సుత్తి కొడవలి నక్షత్రం అచ్చవడంతో 3న రీపోలింగ్ జరిపారు.

ఇంకో మాట. "కార్పొరేషన్ ఓటుకు వేరే నమోదు ఉండాలా?" అని కొందరు అడిగారు, నా వాక్యం అలా ధ్వనించింది. అక్కర్లేదు. అసెంబ్లీ జాబితానే డివిజన్ల వారీగా విడదీస్తారు. ఇల్లు మారినవాళ్ల పాత పేర్లు అందులో మిగిలితే శాతం ఇంకా తగ్గి కనిపిస్తుంది. పాత పోస్టులో అంకె మార్చాను.