మలాకీ రాసింది ఒక్క వచనమేనా?

మంచి మందం కాగితంతో చేసిన పొడుగాటి కవరు, సంపాదనలో పదో వంతు పెట్టి చర్చికి ఇవ్వడానికి. ఎడమ పక్కన సంఘం గుర్తు, కుడి పక్కన పాస్టరు గారూ అమ్మగారూ నవ్వుతూ నిలబడిన ఫోటో, కింద క్యూఆర్ కోడ్, ఇంకా కింద పేరు, ఫోన్ నంబరు, నెల, మొత్తం రాయడానికి చుక్కల గీతలు. వీటన్నిటి నడుమ బంగారు రంగు అక్షరాల్లో బైబిల్లోని మలాకీ ప్రవక్త మాట, మలాకీ 3:10. పదియవ భాగమంతా నా మందిరపు నిధిలోకి తెండి, ఆకాశపు వాకిండ్లు విప్పి పట్టజాలనంతగా దీవెనలు కుమ్మరిస్తాను అన్న వచనం. మన దగ్గర చర్చి మెట్టెక్కిన వాళ్లెవరికీ దీన్ని నేను పరిచయం చేయక్కర్లేదు. మన పిల్లలకి పదో ఎక్కం రాకపోవచ్చు గానీ పదో భాగం మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తారు.

ఈ కవరు చూసి చూసి నాకొక సందేహం పట్టుకుంది. పాపం ఆ మలాకీ జన్మలో ఈ ఒక్క వాక్యమే చెప్పి ఊరుకున్నాడా అని. బైబిలు తీసి చూస్తే నాలుగు అధ్యాయాలున్నాయి, మొత్తం 55 వచనాలు. మిగతా 54 ఏం పాపం చేశాయో, ఒక్కటీ కవరెక్కలేదు. అసలు హోషేయ మొదలుకొని మలాకీ దాకా, పుస్తకాలు చిన్నవి కాబట్టి చిన్న ప్రవక్తలు అనిపించుకున్నవాళ్లు 12 మంది, అందరివీ కలిపి 67 అధ్యాయాలు. యూదులు ఈ పన్నెండు మందినీ ఒకే గ్రంథపు చుట్టలో చుట్టి ఒకే పుస్తకంగా లెక్కపెట్టుకున్నారు. మనవాళ్లు ఇంకా పొదుపరులు, ఒకే కవరులో సర్దేశారు.

పూర్తిగా అన్యాయం మాట్లాడకూడదు. మిగతావాళ్లలో ఒకరిద్దరికి కూడా సీజను పనులు దొరుకుతున్నాయి. డిసెంబరు 31 రాత్రి పంచే వాగ్దాన కార్డుల్లో యోవేలుకి ఒక కార్డు ఖాయం. మిడతలు తినేసిన సంవత్సరాల పంట మళ్లీ ఇస్తాను, 2:25. తీసుకున్నవాడికి మిడతల సంగతి పట్టదు, చీటీల్లో మునిగిపోయిన మూడు లక్షలు ఈ ఏడు తిరిగొస్తాయని సంతోషంగా ఇంటికి పోతాడు. దానికి పన్నెండు వచనాల పైన మీ బట్టలు కాదు, గుండెలు చింపుకోండి అని కూడా ఉంది. ఆ కార్డు తీసుకున్నవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఇక హగ్గయి గారు శ్లాబు స్పెషలిస్టు. క్రీ.పూ. 520లో యెరూషలేము జనాన్ని పట్టుకుని మీరు మంచి ఇళ్లలో ఉంటారు, దేవుడి మందిరం మాత్రం పాడుబడి ఉండాలా అని అడిగాడాయన. ఇప్పుడు అదే ప్రశ్న డూప్లెక్స్ ఇంట్లో ఉండేవాడు మైకు పట్టుకుని అద్దె గదిలో ఉండేవాణ్ణి అడుగుతున్నాడు.

ఇదంతా గమనించి, సంఘాల పెద్దలకి ఉపయోగపడుతుందని ఒక ప్రతిపాదన చేస్తున్నాను. చిన్న ప్రవక్తలకి ఒక సురక్షిత ముద్రణ వేయించండి. నాలుగు పేజీలు చాలు, మడిచి చొక్కా జేబులో పెట్టుకోవచ్చు. ఎందుకంటే పూర్తి పుస్తకం విశ్వాసుల చేతికివ్వడం ప్రమాదం, ఎవడైనా ఖాళీగా కూర్చుని పక్క వచనం చదివితే కొంప మునుగుతుంది. 3:10కి సరిగ్గా అయిదు వచనాల పైన 3:5 ఉంది. కూలివాడి కూలి దగ్గర అన్యాయం చేసేవాళ్ల మీద, విధవరాళ్లనీ తండ్రిలేని పిల్లల్నీ పీడించేవాళ్ల మీద, పరదేశికి న్యాయం లేకుండా చేసేవాళ్ల మీద నేనే సాక్ష్యం చెప్తాను అంటాడు దేవుడు. వేలు పెట్టి కొలిస్తే రెండు వచనాల మధ్య దూరం మూడంగుళాలుండదు. ఆ మూడంగుళాలు పైకి పాకడానికి మనవాళ్లకి ఏ జన్మలో తీరిక దొరుకుతుందో.

ఇంకొంచెం పైకి పోతే ఇంకా ప్రమాదం. రెండో అధ్యాయం మొదలే యాజకులారా అన్న పిలుపు, అంటే ఇది కవరు ఇచ్చేవాళ్లకి కాదు, పుచ్చుకునేవాళ్లకి. రెండు వచనాలు దాటగానే మీ ముఖాల మీద పేడ వేస్తాను అంటాడు. ఏ పేడ? పండగల్లో మీరు బలిగా అర్పించిన పశువుల పేడే. నా మీద కేకలేయకండి, నేను కల్పించింది కాదు, మలాకీ 2:3, ఎవరి బైబిలు వాళ్లు తీసి చూసుకోండి. ఈ వచనాన్ని కూడా అదే బంగారు రంగులో, అదే ఫోటో కింద వేయించిన సంఘం ఎక్కడైనా ఉంటే నా పదో భాగం వాళ్లకే, ఒట్టు.

మలాకీ సంగతి ఇలా ఉంటే, పొరపాటున ఎవరైనా ఆ పన్నెండు మందిలోని ఆమోసు గారిని మహాసభలకి పిలిచారనుకోండి. ఎలా ఉంటుందో నేను చాలాసార్లు ఊహించుకున్నాను, బస్సులో కూర్చుని ఒక్కణ్ణే నవ్వుకున్నాను కూడా. హైస్కూలు గ్రౌండులో మూడు రోజుల కూటాలు. ఫ్లెక్సు వేయించాలి కాబట్టి కార్యదర్శి ఫోన్ చేస్తాడు.

"వందనాలయ్యా. మీ పేరు ముందు రెవరెండ్ అని వేయమంటారా, డాక్టర్ అనా, బిషప్ అనా?"

"నేను ప్రవక్తనీ కాను, ప్రవక్త శిష్యుణ్ణీ కాను. పశువులు కాసుకుంటాను, మేడిపండ్లు ఏరుకుంటాను."

"మీ తగ్గింపు చాలా బాగుందయ్యా, కానీ ఫ్లెక్సు మీద పశువులంటే..."

చివరికి అంతర్జాతీయ ప్రసంగీకులు అని వేయించారు. ఇదొక్కటి మాత్రం న్యాయంగా వచ్చిన బిరుదే, ఎందుకంటే ఆమోసుది యూదా రాజ్యంలోని తెకోవ, ప్రవచించింది సరిహద్దు దాటి ఉత్తరాన ఇశ్రాయేలు రాజ్యంలో, క్రీ.పూ. 8వ శతాబ్దంలో, రెండవ యరొబాము రాజ్యం డబ్బుతో కళకళలాడుతున్న రోజుల్లో. ఆ మేడిపండ్లకి చెట్టు మీదే గాటు పెడితే త్వరగా పండుతాయట. మేడిపండు పొట్టకి గాటు పెట్టడం అలవాటైన మనిషిని పిలిచి స్టేజీ ఎక్కిస్తున్నామని కార్యదర్శికి అప్పుడు తట్టలేదు.

సభ అద్భుతంగా మొదలైంది. ఆమోసు గారు దమస్కు నేరాలు ఎత్తగానే జనం ఆమెన్ అన్నారు. గాజా అనగానే ఇంకా గట్టిగా ఆమెన్. తూరు, ఎదోము, అమ్మోను, మోయాబు, ఒక్కో పేరుకీ కీబోర్డు కుర్రాడు ఒక ముక్క వాయిస్తున్నాడు, వెనక వరుసల్లో తువ్వాళ్లు గాల్లోకి లేస్తున్నాయి, పక్క డినామినేషన్ వాళ్లకి దేవుడు బాగా పెడుతున్నాడని అధ్యక్షుల వారు కళ్లు మూసుకుని తల ఊపుతున్నారు. తర్వాత యూదా, అంటే ఆయన సొంత ఊరివాళ్లు. అబ్బ, ఎంత నిష్పక్షపాతం, ఆమెన్! అప్పుడు ఆయన ఒక్క క్షణం ఆగి ఇశ్రాయేలూ అన్నాడు. అంటే అక్కడ కూర్చున్నవాళ్లే. మీరు డబ్బుకి మంచివాణ్ణి అమ్మేస్తారు, ఒక చెప్పుల జత కోసం బీదవాణ్ణి అమ్మేస్తారు అన్నాడు. స్టేజీ మీద ఒకాయన తెల్ల బూట్లు కుర్చీ కిందికి లాక్కున్నాడు. ముందు వరుస సోఫాల్లోని దొరసానుల వైపు తిరిగి, దరిద్రుల్ని నలగ్గొట్టే బాషాను ఆవులారా (బాషాను అంటే మేత బాగా దొరికే సీమ) అన్నాడు, దంతపు మంచాల మీద దొర్లుతూ లేత గొర్రెపిల్లల్ని మెక్కుతారని వాళ్ల ఆయనల్నీ కలుపుకున్నాడు. పరిస్థితి చల్లబడుతుందేమోనని కుర్రాడు మెల్లగా ఆరాధన ట్యూను ఎత్తుకుంటే, ఆపు, మీ పాటల గోల నా దగ్గర్నుంచి తీసేయండి, మీ వీణల మోత నేను వినను అంటున్నాడు దేవుడు, ఆమోసు 5:23. పాపం ఆ పిల్లాడి వేళ్లు గాల్లోనే ఉండిపోయాయి.

ఇంత గందరగోళంలోనూ సంతోషించింది ఒక్క కోశాధికారే. ఆయన మిగతాది వినలేదు, 4:4 ఒక్కటి చెవిన పడింది. మూడేసి రోజులకొకసారి మీ పదో భాగాలు తెచ్చి అర్పించండి! మూడు రోజులకోసారంటే నెలకి పది. పది పదులు వంద, అంటే వందకి వంద! వెంటనే బయటికి పరిగెత్తి ప్రింటింగు ప్రెస్సుకి ఫోన్ కొట్టాడు. అది ఎత్తిపొడుపు, ఇశ్రాయేలు రాజుల గుడి ఉన్న బేతేలుకొచ్చి పాపం చేయండి, ఇంకా చేయండి అన్న వాక్యానికి కొనసాగింపు అని ఆయనకి ఎవరు చెప్తారు? చెప్పినా వింటాడా?

తర్వాత జరిగేది నేను ఊహించక్కర్లేదు, ఏడో అధ్యాయంలో ఉంది. బేతేలు యాజకుడు అమజ్యా ముందు రాజుకి కబురు పెట్టాడు, ఇతని మాటలు దేశం భరించలేకపోతోందని. తర్వాత ఆమోసుతో అన్నాడు, నీ యూదాకి పో, అక్కడే నీ బత్తెం సంపాదించుకో, అక్కడే ప్రవచించుకో, బేతేలులో మాత్రం వద్దు, ఇది రాజు గారి గుడి. చూశారా, దేవుడి గుడి అనలేదు. మన అధ్యక్షుల వారు కూడా మైకు లాక్కుని ఇంచుమించు ఇదే చెప్తారు, రేపు ఎమ్మెల్యే గారు వస్తున్నారు, దయచేసి మీ ఊళ్లో చెప్పుకోండి అని. దారి ఖర్చు ఇస్తారో ఇవ్వరో మరి.

మీకా గారిని పిలిచినా ఇదే తంతు. యాజకులు జీతానికి బోధిస్తున్నారు, ప్రవక్తలు డబ్బుకి సోదె చెప్తున్నారు అంటాడాయన, 3:11. నోట్లో ఏదైనా పెడితే సమాధానం ప్రకటిస్తారు, పెట్టకపోతే యుద్ధం ప్రకటిస్తారు అని ఇంకో మాట. రోజూ ఉదయం టీవీలో చూస్తున్నదే కదా. పోనీ దేవుడికేం కావాలో చెప్పవయ్యా అంటే, వేల పొట్టేళ్లూ వద్దు, ఏరులై పారే నూనే వద్దు, న్యాయంగా నడుచుకో, కనికరాన్ని ప్రేమించు, నీ దేవుడి ముందు అణకువగా ఉండు, ఇంతే అంటాడు. ఇందులో దేనికీ క్యూఆర్ కోడ్ పెట్టడం కుదరదు.

ఇక్కడిదాకా నవ్వుతూ రాశాను, ఇక నా వల్ల కాదు. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం చివరి రెండు వచనాలు తీయండి. మూడేళ్లకోసారి పంటలో పదో భాగం ఊళ్లోనే నిలవ పెట్టాలి. ఎవరి కోసం? గుడి పని చేస్తూ భూమిలో వాటా లేని లేవీయుడి కోసం, పరదేశి కోసం, తండ్రిలేని పిల్లల కోసం, విధవరాలి కోసం. వాళ్లొచ్చి కడుపునిండా తినాలి. 26:12లో మళ్లీ అదే మాట. అంటే విధవరాలు పదో భాగం ఇచ్చే వరుసలో లేదు, పుచ్చుకునే వరుసలో ఉంది!

మరి మనమేం చేస్తున్నాం? ఆంధ్రాలో వితంతు పింఛను నెలకి 4,000. ఒకటో తారీఖున చేతిలో పడుతుంది. ఆవిడ అందులోంచి నాలుగు వందలు తీసి పక్కన పెట్టి, అక్షరం రాదు కాబట్టి పక్కింటి పిల్లాణ్ణి పిలిచి కవరు మీద పేరు రాయించుకుని, మిగిలిన దాంట్లో బీపీ మాత్రలు పది రోజులకి సరిపడా కొనుక్కుంటుంది. ఆదివారం పెద్ద మొత్తాలు ముందు, చిన్న మొత్తాలు చివర పేర్లు మైకులో చదువుతారు. ఒక నెల ఇవ్వలేకపోతే మలాకీ 3:8 చదువుతారు, మీరు దేవుడి సొమ్ము దొంగిలించారు అని. ఎవరయ్యా దొంగ? ఆవిడ కోసం పెట్టమన్న గింజల్ని ఆవిడ దగ్గరే వసూలు చేసి, ఆవిణ్ణే దొంగ అని మైకులో అనడానికి నోరెలా వస్తుంది మీకు? ఇంకా ఆ నోటితోనే ప్రార్థన చేసి, ఆవిడ తల మీద చెయ్యి పెట్టి దీవిస్తారు. ముందు ఆ చెయ్యి తీసి, ఆవిడ దగ్గర ఇన్నాళ్లూ తీసుకున్నదంతా లెక్క కట్టి తిరిగిచ్చేయండి. మందిరం గోడలు కట్టిన మేస్త్రీకి బాకీ పెట్టిన కూలి కూడా ఇవ్వండి, దేవుడి పని కదా తగ్గించుకో తమ్ముడూ అని బేరమాడి మిగుల్చుకున్నది కూడా.

ఇది తాటాకు పాకలో సంఘం నడుపుతూ, వారంలో ఆరు రోజులు పెయింటు పనికి పోయే పల్లె పాస్టరు గురించి కాదు. నెహెమ్యా 13లో వంతులు అందక పొలాలకి పారిపోయిన లేవీయులు ఆయన తాలూకే. ఆయనకి ఇవ్వండి, నిండుగా ఇవ్వండి. కానీ అదే అధ్యాయంలో ఇంకో సంగతి కూడా ఉంది. పదో భాగాల ధాన్యం పెట్టే పెద్ద గదిని ఎల్యాషీబు అనే యాజకుడు తనకి కావలసిన టోబీయాకి బస కింద ఇచ్చేశాడు, అప్పటి యూదా అధికారి నెహెమ్యా ఊరి నుంచి తిరిగొచ్చి వాడి సామానంతా బయట పారేశాడు. మందిరం వెనక ఏసీ గెస్టు రూములున్న సంఘాలు ఈ వాక్యం ఏ ఆదివారం ధ్యానిస్తాయో తెలిస్తే నేనూ వచ్చి కూర్చుంటాను.

సరే, సభలకి ఎవరో ఒకర్ని పిలవాలి కదా, ఖాళీ స్టేజీ బాగోదు. అందరికీ నచ్చేవాడు యోనా ఒక్కడే కనిపిస్తున్నాడు, సండే స్కూలు పిల్లలకి కూడా చేప వల్ల బాగా పరిచయం. ప్రసంగం ఒక్క వాక్యం, ఇంకా నలభై రోజుల్లో నీనెవె నాశనమవుతుంది, అంతే. దానికే ఊరు ఊరంతా మారింది, రాజు సింహాసనం దిగి బూడిదలో కూర్చున్నాడు, చివరికి పశువులకి కూడా గోనెపట్ట కప్పి ఉపవాసం పెట్టారు. ఇంత కోత ఏ దైవజనుడు చూశాడు? కానీ కమిటీ వారు ఒక విషయం ఆలోచించుకోవాలి. అంత ఊరు మోకాళ్ల మీద ఉంటే ఈ మనిషి కానుక సంచి తిప్పలేదు, భాగస్వాముల ఫారాలు పంచలేదు, శత్రువులైన నీనెవె వాళ్లు బాగుపడ్డారని అలిగి ఊరి బయటికి పోయి పందిరి వేసుకుని కూర్చున్నాడు. ఇలాంటివాణ్ణి పిలిస్తే షామియానాకీ సౌండు సిస్టంకీ జనరేటర్ డీజిలుకీ ఎవరిస్తారు?