రివెట్టు రివెట్టుకీ రాతకోతలా?

సొంతంగా విమానం కట్టుకునేవాళ్ళు చేసిన పనంతా రోజూ ఒక పుస్తకంలో రాయాలట. తేదీ, ఏ భాగం, ఏం పని, ఎన్ని గంటలు, పక్కన ఫొటోలు. ఆటోనగర్‌లో షెడ్డు అద్దెకు తీసుకుని చిన్న అల్యూమినియం విమానం మొదలుపెట్టిన మా పటమట మిత్రుడు ఆ పుస్తకాన్ని పొలం దస్తావేజులా బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాడు. ఇది బెజవాడ నిర్మాణ సంప్రదాయానికే గొడ్డలిపెట్టు.

అమెరికాలో ఇలాంటి విమానానికి అనుమతి రావాలంటే పనిలో సగానికి పైగా, వాళ్ళ వాడుకలో 51 శాతం, సరదాకి కట్టుకునేవాళ్ళే స్వయంగా చేసినట్టు చూపించాలి. సాక్ష్యం ఆ పుస్తకమే. మరి మన దగ్గర? స్లాబ్ రోజున గొడుగు కింద కుర్చీ వేసుకుని కూలీలకు టీలు తెప్పించినాయన గృహప్రవేశంలో "ఇల్లు కట్టాను" అంటే కాదన్నవాడున్నాడా? ఫొటోలో తాపీ ఎవరి చేతిలో ఉందని అడిగితే బంధుత్వాలు తెగిపోవూ!

అంతకన్నా ఘోరం, తప్పులు రాసుకోవడం. ఒక పేజీ చూశాను (రిబ్బంటే రెక్క లోపలి పక్కటెముక, రివెట్టంటే రేకుల్ని కలిపి బిగించే మేకులాంటిది): "కుడి రెక్క, మూడో రిబ్బు. రివెట్టు తల వంకర. డ్రిల్ చేసి తీశాను. రంధ్రం పెద్దదైంది. పై సైజు వేశాను." సొంత దస్తూరీతో, తారీఖు వేసి మరీ! మనకి గోడ వంకరైతే మేస్త్రి తప్పు, మేస్త్రినడిగితే సిమెంటు తప్పు, సిమెంటు కొట్లో అడిగితే ఇసుక తప్పు. ఇసుక దాకా వచ్చాక ఎవరూ నోరెత్తరు, అది రాజకీయం.

పక్క షెడ్డులో బస్సు బాడీలు కట్టే మేస్త్రి, ఒక్కో రంధ్రం అంచు గరుకు తీస్తున్న మావాణ్ణి జాలిగా చూశాడు.

"అదెందుకు సార్?"

"గరుకుంటే పగులు అక్కణ్ణుంచే మొదలవుతుంది."

"పుట్టీ పెట్టి రంగేస్తే ఎవరికి కనబడుద్ది సార్?"

దీనికి మావాడి దగ్గర జవాబు లేదు. లేదా పైన ఎగిరేది తనే కాబట్టి చెప్పలేదు.

ఇంత రాస్తే ఒరిగేదేమిటి? అమెరికాలోనైతే, కట్టినవాడే ఏటా తనిఖీ చేసుకోవచ్చని ఒక సర్టిఫికెట్టు. విమానం అమ్మితే అది కొన్నవాడికి రాదు, కట్నంగా ఇస్తే అల్లుడికీ రాదు. పైగా మొదటి 25 నుంచి 40 గంటలు జనం లేనిచోట పరీక్షగా ఎగరాలి, సరదాకి ఎవర్నీ ఎక్కించకూడదు. కొత్త కారుకి దుర్గగుడి దగ్గర పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, ఏడుగురం ఇరుక్కుని మంగళగిరి వెళ్ళొచ్చే జాతి మనది!

ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ మేడ మీదే ఆరు సీట్ల విమానం కట్టి 2016లో మేకిన్ ఇండియా ప్రదర్శనలో పెట్టారు. మనకూ ఆ తెగువ ఉంది, మేడ మీద చోటే లేదు. అక్కడ ప్లానులో లేని పెంట్‌హౌస్ ఉంది.

కనుక నా సూచన: పుస్తకాన్ని కాంట్రాక్టుకిచ్చేయాలి. ఇంజినీరింగ్ పిల్లల ల్యాబ్ రికార్డులు రాసిపెట్టేవాళ్ళకి మన ఊళ్ళో కొదవా? నిరుడు విమానం కట్టిన సీనియర్ పుస్తకం ఒకటి చేతికిస్తే, తారీఖులు మార్చి రాత్రికి రాత్రే దింపేస్తారు, ఆ వంకర రివెట్టుతో సహా.